పురుష నామంతో పట్టాభిషేకం.. స్త్రీగానే చిరకీర్తి
ఓరుగల్లును ఏలిన రాణి రుద్రమదేవి జీవిత విశేషాలు

వరంగల్: కాకతీయ సామ్రాజ్యాన్ని పాతికేళ్లకు పైగా ఏలిన రాణి రుద్రమదేవి పేరు వినని వారు తెలుగునేలపై అరుదు. బడి పుస్తకంలో పాఠంగా, కూడళ్లలో విగ్రహంగా, నవలల్లో నాయికగా ఆమె సుపరిచితురాలు. 2015లో ఆమె కథ చలనచిత్రంగా కూడా వచ్చింది. ఇంతటి కీర్తి పొందిన ఈ మహారాణిని సింహాసనమెక్కిన నాడు రాజ్యం రుద్రమగా స్వీకరించలేదు. రుద్రదేవ మహారాజు అనే పురుష నామం వెనుక నిలిచి ఆమె పాలన ఆరంభించవలసి వచ్చింది. ఆడది ఏలడమేమిటన్న ప్రశ్నను ఆమె మాటలతో కాక పాలనతో ఎదుర్కొన్నది. ఏడు శతాబ్దాలు గడిచినా ఆ ప్రశ్న పూర్తిగా సమసిపోలేదు. రుద్రమ చరిత్రను మళ్లీ చదవవలసిన అవసరం అందుకే ఉన్నది.

కుమారుడు లేని చక్రవర్తి

రుద్రమ తండ్రి గణపతిదేవుడు కాకతీయ ప్రభువులలో అగ్రగణ్యుడు. 1199లో రాజ్యానికి వచ్చిన ఆయన ఆరు దశాబ్దాలకు పైగా ఏలి, చీలికలు పేలికలుగా ఉన్న తెలుగు ప్రాంతాలను చాలావరకు ఒకే ఛత్రం కిందకు తెచ్చాడు. హనుమకొండ నుంచి రాజధానిని ఓరుగల్లుకు మార్చాడు. సముద్ర వ్యాపారానికి ఊతమిచ్చాడు. ఇంతటి చక్రవర్తికి పుత్రసంతానం లేకపోయింది. రుద్రమ, గణపాంబ అనే ఇద్దరు కుమార్తెలే ఆయనకు మిగిలారు.

ఆనాటి ఆచారం ప్రకారం రాజ్యం దాయాదులకు గానీ, అల్లుడికి గానీ వెళ్లవలసి ఉన్నది. గణపతిదేవుడు ఆ రెండు దారులనూ కాదన్నాడు. రుద్రమనే కుమారునిగా భావించి, ఆమెకు రుద్రదేవుడని పేరు పెట్టి వారసురాలిగా నిలిపాడు. విద్యానాథుని ప్రతాపరుద్రీయం ఈ విషయాన్ని ప్రస్తావిస్తున్నది. 1260 ప్రాంతం నుంచి తండ్రీకూతుళ్లు ఇరువురూ కలిసి పాలన సాగించినట్లు చరిత్రకారులు నిర్ధారించారు.

కాకతీయుల ఇంట స్త్రీలు బాధ్యతలు వహించడం కొత్త కాదు. గణపతిదేవుని సోదరి మైలాంబ బయ్యారం చెరువును తవ్వించింది. ఆ చెరువు వద్ద ఆమె వేయించిన శాసనమే కాకతీయుల వంశక్రమాన్ని తెలిపే ముఖ్య ఆధారాలలో ఒకటిగా నిలిచింది. రుద్రమ సోదరి గణపాంబ కోట వంశానికి చెందిన బేతరాజును వివాహమాడి, భర్త మరణానంతరం ధాన్యకటక ప్రాంతాన్ని తానే పరిపాలించింది. చెరువులు తవ్వించి, గుడులు కట్టించి, సామంత ప్రాంతాన్ని ఏలినంతవరకు స్త్రీలను ఎవరూ ప్రశ్నించలేదు. సామ్రాజ్య సింహాసనం విషయం వచ్చేసరికి పరిస్థితి మారిపోయింది.

నిడదవోలు చాళుక్య వంశానికి చెందిన వీరభద్రునితో రుద్రమ వివాహం జరిగింది. వారికి ముమ్మడమ్మ, రుద్రమ్మ, రుయ్యమ్మ అనే ముగ్గురు కుమార్తెలు. రాణి భర్తగా వీరభద్రుడు ఓరుగల్లులో అధికారం చెలాయించినట్లు చెప్పే ఆధారాలు కనిపించవు. పేరు ఆమెది, పెత్తనం ఆయనది అన్న ఏర్పాటు ఆ కొలువులో లేకపోవడం గమనించదగిన విషయం.

సొంతవారి నుంచే తిరుగుబాటు

రుద్రమ చేతికి పగ్గాలు వచ్చేనాటికి రాజ్యం చిక్కుల్లో ఉన్నది. 1263 ప్రాంతంలో నెల్లూరు సీమలోని ముత్తుకూరు వద్ద జరిగిన యుద్ధంలో పాండ్య ప్రభువు జటావర్మ సుందరపాండ్యుని సేనల చేతిలో కాకతీయ సైన్యం ఓడింది. వృద్ధుడైన గణపతిదేవుడు క్రమంగా పాలన నుంచి తప్పుకున్నాడు. దక్షిణాన పాండ్యులు, ఈశాన్యాన కళింగ గాంగులు, పడమట దేవగిరి యాదవులు అదను కోసం కాచుకున్నారు.

ఇంటిపోరు దీనికి తోడైంది. హరిహరదేవుడు, మురారిదేవుడు అనే రాజబంధువులు స్త్రీ పాలనను అంగీకరించక తిరుగుబాటు చేశారని, ఓరుగల్లును ఆక్రమించారని, రుద్రమ తన అనుచరులతో వారిని అణచివేసిందని ప్రతాపచరిత్రము అనే తరువాతి కాలపు గ్రంథం చెబుతున్నది. ఆ కథనంలోని వివరాలను చరిత్రకారులందరూ యథాతథంగా ఆమోదించకపోయినా, ఆమెకు సామంతుల నుంచి ప్రతిఘటన ఎదురైందన్న విషయంలో భిన్నాభిప్రాయం లేదు. ఆమెకు అండగా నిలిచిన రేచర్ల ప్రసాదిత్యుడు కాకతీయ రాజ్య స్థాపనాచార్యుడన్న బిరుదు పొందాడు. నిలబెట్టిన వానికి అంతటి బిరుదు దక్కిందంటే రాజ్యం ఎంతగా కదిలిపోయిందో ఊహించవచ్చు.

ఇంచుమించు అదే శతాబ్దంలో ఢిల్లీ గద్దెనెక్కిన రజియా సుల్తానాతో పోల్చి చూస్తే రుద్రమ సాధించినదేమిటో అర్థమవుతుంది. ఇల్తుత్మిష్ సైతం కుమారులను కాదని కుమార్తెనే వారసురాలిగా ఎంచుకున్నాడు. రజియా కూడా పురుష వేషంలోనే కొలువుదీరింది. కానీ ప్రభువర్గం ఆమెను సహించలేదు. 1236లో గద్దెనెక్కిన రజియా నాలుగేళ్లు తిరగకముందే పదవిని, ప్రాణాన్ని కోల్పోయింది. అటువంటి కాలంలోనే రుద్రమ రెండున్నర దశాబ్దాలకు పైగా సింహాసనంపై నిలిచింది.

కొత్తవారికి పెద్దపీట

ఆమె నిలదొక్కుకోవడానికి శౌర్యం ఒక్కటే కారణం కాదు. వంశ గౌరవం తలకెక్కిన పాత సామంతులు తనకు ఎదురు తిరుగుతారని గ్రహించిన రుద్రమ, కులీన వంశాలకు చెందని సమర్థులను చేరదీసింది. వారికి సైనిక బాధ్యతలు అప్పగించి, ఆ సేవకు ప్రతిగా గ్రామాలపై ఆదాయ హక్కులు ఇచ్చింది. నాయంకర విధానంగా పేరొందిన ఈ పద్ధతి ఆమె కాలంలో బలపడి, మనుమడు ప్రతాపరుద్రుని కాలంలో మరింత విస్తరించింది. తరువాత విజయనగర పాలకులు అనుసరించిన నాయంకర వ్యవస్థకు ఇదే మాతృక అని పలువురు చరిత్రకారుల అభిప్రాయం.

పుట్టుకను బట్టి తనను కాదన్న వారికి ఆమె ఇచ్చిన సమాధానం ఇది. పుట్టుకతో నిమిత్తం లేకుండా పనితనాన్ని చూసి పదవులిచ్చింది. పదవి పొందిన వారు ఆమెకు అండగా నిలిచారు. పోతినాయకుడు, ప్రోలినాయకుడు వంటి సేనానుల కృషితో గోదావరి ప్రాంతంపై గాంగుల ఒత్తిడి తగ్గింది. 1278 నాటికి ద్రాక్షారామంలో కాకతీయ సేనానుల శాసనాలు తిరిగి కనిపించడం అందుకు నిదర్శనం.

ఒకే యుద్ధం.. రెండు కథనాలు

రుద్రమ ఎదుర్కొన్న దాడుల్లో దేవగిరి యాదవరాజు మహాదేవుని దండయాత్ర ప్రధానమైనది. ఆమె యాదవ సేనలను తరిమికొట్టి దేవగిరి వరకు వెంటాడిందని, మహాదేవుడు పెద్దమొత్తంలో ధనం చెల్లించి సంధి చేసుకున్నాడని ప్రతాపచరిత్రము వర్ణిస్తున్నది. ఇందులో కవి అతిశయోక్తి కొంత ఉండవచ్చు. అయితే కర్ణాటకలోని బీదరు కోటలో రుద్రమకు సంబంధించిన శాసనం లభించడంతో కాకతీయ అధికారం ఆ దిశగా విస్తరించిందని స్పష్టమైంది.

దేవగిరి పక్షం మరో విధంగా చెప్పుకున్నది. యాదవుల మంత్రి, పండితుడు అయిన హేమాద్రి తన గ్రంథంలో, మహాదేవుడు తెలుగు ప్రభువు ఏనుగులను, వాద్యాలను స్వాధీనం చేసుకున్నాడని, రుద్రమను మాత్రం ఆడది కనుక చంపక విడిచిపెట్టాడని రాశాడు. కాకతీయ రాజ్యం చెక్కుచెదరకుండా నిలిచిన సంగతిని ఆ వాక్యం మరుగున పెట్టింది. ఎదుట నిలిచినది పురుషుడైతే ఓటమి అనో, సంధి అనో చెప్పుకోక తప్పదు. స్త్రీ అయినందున దానికి దయ అన్న పేరు పెట్టే వీలు దొరికింది.

రుద్రమ మాత్రం తండ్రి ధరించిన రాయగజకేసరి బిరుదును తానూ ధరించింది. శత్రురాజులనే ఏనుగులకు సింహం వంటిదని ఆ బిరుదుకు అర్థం. ఓరుగల్లు కోటలోని స్వయంభూ దేవాలయానికి ఆమె రంగమండపం కట్టించింది. ఆ మండపానికి చెందిన శిల్పాలలో సింహంపై కూర్చుని కత్తి, డాలు పట్టిన వీరవనిత రూపం ఉన్నది. అది రుద్రమ బిరుదుకు శిల్పరూపమని చరిత్రకారులు భావిస్తున్నారు. శాసనాల్లో మహారాజుగా వ్యవహరించినా, తన గుడిలో స్త్రీ రూపాన్నే ఆమె సింహంపై నిలిపింది. లోపలి రాతికోటను ఎత్తు పెంచి, వెలుపలి మట్టికోటను, అగడ్తను పటిష్ఠం చేసిన ఘనత కూడా ఆమెదేనని ప్రతీతి.

విదేశీ యాత్రికుని మెప్పు

వెనిస్ యాత్రికుడు మార్కోపోలో రచనలో మోటుపల్లి రేవు ప్రసక్తి ఉన్నది. నేటి బాపట్ల జిల్లాలో చిన్న తీరగ్రామంగా కనిపించే మోటుపల్లి ఆనాడు దేశదేశాల ఓడలు ఆగే రేవు. తుపాను తాకిడికి ఒడ్డుకు కొట్టుకువచ్చిన ఓడల సరుకును రాజులు స్వాధీనం చేసుకునే దురాచారాన్ని గణపతిదేవుడు మాన్పించి, 1244లో అభయశాసనం వేయించాడు. ఆ భరోసా రుద్రమ కాలంలోనూ కొనసాగింది. ఇక్కడి వజ్రాలను, సాలెగూడు దారాల వంటి నేత వస్త్రాలను మార్కోపోలో మెచ్చుకున్నాడు. ఈ దేశాన్ని ఏలే రాణి వివేకవంతురాలని, న్యాయాన్ని, శాంతిని కోరేదని, ప్రజలు ఆమెను మిక్కిలి అభిమానించారని రాశాడు.

అంతటి పరిశీలకుడు సైతం ఒక పొరపాటు చేశాడు. రుద్రమను గత రాజు కుమార్తెగా కాక, ఆయన భార్యగా పేర్కొన్నాడు. స్త్రీ రాజ్యమేలుతున్నదంటే భర్త చనిపోయి ఉండాలన్న ఊహ ఆ కాలంలో ఎవరికైనా సహజంగానే తట్టేది. ఆ మాటను నమ్మి తరువాతి కాలపు రచయితలు కొందరు ఆమెను గణపతిదేవుని భార్యగానే తలచారు. శాసనాలను, కావ్యాలను పరిశీలించిన పండితులు ఆ భ్రమను తొలగించవలసి వచ్చింది.

వెలగపూడి దానం.. ప్రసూతిశాల

రుద్రమ అనగానే కత్తి, గుర్రం గుర్తుకు రావడం పరిపాటి. ఆమె పాలనలోని మరో పార్శ్వాన్ని 1261 నాటి మల్కాపురం శాసనం తెలియజేస్తున్నది. నేటి అమరావతి ప్రాంతంలో ఉన్న ఈ శాసనం ప్రకారం, శైవాచార్యుడు విశ్వేశ్వర శివదేశికునికి గణపతిదేవుడు మందడం గ్రామాన్ని, రుద్రమదేవి వెలగపూడి గ్రామాన్ని దానం చేశారు. ఆ ఆదాయంతో ఆలయం, మఠం, విద్యాలయం, అన్నసత్రం, ఆరోగ్యశాల, ప్రసూతిశాల ఏర్పాటయ్యాయి. వేదాలు, శాస్త్రాలు బోధించే ఉపాధ్యాయులను, వైద్యుని, లెక్కలు రాసే కరణాన్ని నియమించారు. సత్రంలో కులభేదం లేకుండా ఆకలిగొన్న వారందరికీ అన్నం పెట్టాలని నిర్దేశించారు.

ఇవన్నీ ఆచార్యుని ఆలోచనతో ఏర్పడినవే అయినా, వాటిని నడిపిన ఆదాయంలో రుద్రమ ఇచ్చిన వెలగపూడి భాగం ఉన్నది. కాన్పు కోసం ప్రత్యేకంగా ఒక శాల ఉండాలన్న ఆలోచన 760 ఏళ్లకు పూర్వమే తెలుగునాట ఆచరణకు వచ్చిందని ఆ రాయి సాక్ష్యం చెబుతున్నది. యుద్ధ విజయాలకు దక్కిన ప్రచారం ఈ దానానికి దక్కలేదు.

అంబదేవునితో పోరు

రుద్రమ చివరి సంవత్సరాలు ప్రశాంతంగా గడవలేదు. కడప సీమను ఏలిన కాయస్థ నాయకులు కాకతీయులకు నమ్మిన బంట్లు. 1272 ప్రాంతంలో ఆ వంశంలో అధికారానికి వచ్చిన అంబదేవుడు స్వతంత్రించాడు. ఇరుగుపొరుగు కాకతీయ సామంతులను ఒక్కొక్కరినే ఓడిస్తూ బలపడ్డాడు. అతనిని అదుపు చేయడానికి సేనాని మల్లికార్జున నాయకునితో కలిసి రుద్రమ స్వయంగా కదిలిందని, ఆ పోరులోనే ఇరువురూ నేలకొరిగారని చరిత్రకారులు భావిస్తున్నారు. అప్పటికి ఆమె మనుమడు ప్రతాపరుద్రుడు యుద్ధాలు నడిపే వయసువాడు. రాణి వార్ధక్యంలో ఉన్నది. అయినా దండు వెంట నడిచింది.

చాలాకాలం ఆమె మరణ వివరాలు అస్పష్టంగానే ఉండిపోయాయి. నల్లగొండ జిల్లా నకిరేకల్ మండలంలోని చందుపట్ల గ్రామ శాసనం వెలుగు చూడటంతో ఆ చీకటి తొలగింది. ప్రముఖ శాసన పరిశోధకుడు డాక్టర్ పి.వి.పరబ్రహ్మశాస్త్రి ఈ శాసన ప్రాముఖ్యాన్ని లోకానికి తెలిపారు. 1289 నవంబర్ 27 నాటి ఈ శాసనాన్ని వేయించినది పువ్వుల ముమ్మడి అనే సేవకుడు. కాకతి రుద్రమదేవి, మల్లికార్జున నాయకుడు శివలోకం చేరిన సందర్భంగా, వారికి పుణ్యం కలగాలని అతడు సోమనాథ దేవునికి భూమిని దానం చేశాడు.

కొలువులో ఆమె రుద్రదేవ మహారాజు. దేవగిరి పండితునికి దయతలచి విడిచిన ఆడది. విదేశీ యాత్రికునికి రాజు భార్య. చందుపట్లలో శాసనం వేయించిన సాధారణ సేవకునికి మాత్రం ఆమె రుద్రమదేవి. ఏ బిరుదూ, ఏ మారుపేరూ అతనికి అవసరం కాలేదు. పాలన చూసినవాడు పేరులోనూ మరుగు కోరలేదు.

కుమార్తె ముమ్మడమ్మ కొడుకైన ప్రతాపరుద్రుని రుద్రమ ముందుగానే వారసునిగా తీర్చిదిద్దింది. ఆమె మరణించిన రెండేళ్లలోనే కాకతీయ సేనలు త్రిపురాంతకాన్ని అంబదేవుని నుంచి తిరిగి సాధించాయి. 1323లో ఢిల్లీ సేనల చేతిలో పతనమయ్యే వరకు ఆమె నిలిపిన రాజ్యం కొనసాగింది.

మగరాయుడు అన్న మెచ్చుకోలు

ధైర్యం గల ఆడపిల్లను చూసి మగరాయుడని మెచ్చుకోవడం తెలుగు ఇళ్లలో నేటికీ వినిపించే మాట. మెచ్చుకోలుగానే అన్నా, ధైర్యం మగవారి సొత్తు, ఆడపిల్లకు అది అరువు అన్న భావం అందులో దాగి ఉన్నది. గణపతిదేవుని కాలంలో పేరు మార్చి పట్టం కట్టడానికి, నేడు పదవినిచ్చి పెత్తనం దాచుకోవడానికి మూలం ఈ భావమే.

73వ రాజ్యాంగ సవరణతో 1993 నుంచి స్థానిక సంస్థల్లో మహిళలకు మూడో వంతు స్థానాలు దక్కాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2011లో దానిని 50 శాతానికి పెంచారు. తెలంగాణ 2018 పంచాయతీరాజ్ చట్టంలోనూ సగం స్థానాలు మహిళలవే. వేలాది గ్రామాల్లో మహిళలు సర్పంచులయ్యారు. ఊరికి మంచినీరు తెచ్చిన వారు, బడిని నిలబెట్టిన వారు, మద్యంపై పోరాడిన వారు వారిలో ఉన్నారు. మరోవైపు సర్పంచ్ పతి అన్న మాట కూడా వాడుకలోకి వచ్చింది. కుర్చీలో భార్య పేరు, సభలో భర్త మాట, కాగితంపై ఆమె సంతకం అన్న తీరు చాలా ఊళ్లలో పోలేదు. పనిచేసే మహిళను గయ్యాళి అనడం, సౌమ్యంగా ఉంటే చేతకానిదనడం మరో రకం పోకడ.

వీరభద్రుడు సింహాసనం వెనుక నిలిచి శాసించలేదు. రేచర్ల ప్రసాదిత్యుడు రాణికి అండగా ఉండటాన్ని చిన్నతనంగా భావించక, దానినే బిరుదుగా ధరించాడు. గణపతిదేవుడు కుమార్తెను పెళ్లి చేసి పంపడంతో సరిపెట్టక, జీవించి ఉండగానే పక్కన కూర్చోబెట్టుకుని పాలన నేర్పాడు. ఒక స్త్రీ నాయకురాలిగా నిలవాలంటే ఆమె ధైర్యంతో పాటు ఇంటివారి, సహచరుల నడవడిక కూడా మారాలని ఈ ముగ్గురి చరిత్ర తెలుపుతున్నది.

రుద్రమ విగ్రహానికి పూలమాల వేయడం సులభం. గ్రామసభలో మహిళా సర్పంచ్ లేచి మాట్లాడుతున్నప్పుడు పక్కనున్న వారు మౌనంగా వినడం అంతకన్నా విలువైన నివాళి. పేరు మార్చుకోకుండా, ఎవరి వెనుకా నిలవకుండా ఒక ఆడపిల్ల తన ఊరిని ఏలగలిగిన నాడు, ఓరుగల్లు రాణి ఒంటరిగా చేసిన పోరాటానికి సార్థకత చేకూరుతుంది.